మెట్ల కింది మెషిన్ ఇంటిపేరు

మా కాలేజీ కంప్యూటర్ విభాగంలో నెట్‌వర్క్ పని నా నెత్తిన పడింది నాకు అది బాగా వచ్చని కాదు. మిగతావాళ్ళంతా తమకు రాదని ముందే చెప్పేశారు. మీటింగులో హెడ్ గారు ఒక్కొక్కరి వైపే చూసుకుంటూ వచ్చారు. అందరూ తలలు వంచుకుని ఫోన్లలో మునిగిపోయారు. టీ తాగుతూ తల ఎత్తి ఉన్న నేను ఆయన కంట పడ్డాను. "మీరు క్లాసులో చెప్పే సబ్జెక్టే కదమ్మా" అన్నారు. క్లాసులో చెప్పడం వేరు, చేతులు పెట్టి చేయడం వేరు అని నోటిదాకా వచ్చింది కానీ టీతో పాటు మింగేశాను.

అప్పటికి విభాగంలోని కంప్యూటర్లన్నీ ఒకే నెట్‌వర్క్‌లో ఉండేవి. ల్యాబులు, స్టాఫ్ గదులు, ఆఫీసు, ప్రింటర్లు, వేలిముద్రలతో హాజరు వేసే యంత్రం, అన్నీ ఒకే కుప్ప. ఏ మెషిన్ కేక వేసినా ఆ కేక అన్నింటికీ వినపడేది. ఒకసారి ల్యాబులో పిల్లలు ఎవరో తమ హీరో పుట్టినరోజు పోస్టరు ప్రింట్ కొడితే అది నిండు రంగుల్లో హెడ్ గారి గదిలోని ప్రింటర్లోంచి బయటికొచ్చింది. ఆయన ఆ హీరోకి పడని హీరో అభిమాని కావడం వల్ల గొడవ ఇంకా పెద్దదైంది. ఇలాంటివి అన్ని విభాగాల్లోనూ జరుగుతుండటంతో, ఎవరి నెట్‌వర్క్‌ను వాళ్ళు సబ్‌నెట్లుగా విడగొట్టుకోవాలని, తనిఖీకి వచ్చేవాళ్ళు రాకముందే అది పూర్తి కావాలని పైనుంచి ఆదేశం వచ్చింది.

సబ్‌నెట్ అంటే ఏమిటో క్లాసులో నేను ఇంటిపేర్లతో చెబుతాను. మనకు ఇంటిపేరు ముందు, సొంత పేరు తర్వాత. కంప్యూటర్ అడ్రసు కూడా అంతే. ముందు భాగం ఏ ఇల్లో చెబుతుంది, వెనక భాగం ఆ ఇంట్లో ఎవరో చెబుతుంది. ఒకే ఇంటిపేరున్న మెషిన్లు ఒకదాన్నొకటి నేరుగా పిలుచుకుంటాయి. ఇంటిపేరు వేరైతే మధ్యలో గడప వస్తుంది. ఇంట్లో వేసిన కేక గడప దాటి పోదు. సబ్‌నెట్లు చేయడమంటే ఒకే ఇంటిపేరుతో ఉన్న పెద్ద సంసారాన్ని నాలుగైదు ఇంటిపేర్లుగా వేరు పెట్టడం. పిల్లలకు ఇది చప్పున ఎక్కేది. అందుకు నాకు లోపల్లోపల గర్వంగా కూడా ఉండేది.

బోర్డు మీద పెట్టెలు గీశాను. ల్యాబులకు ఒకటి, స్టాఫుకు ఒకటి, ఆఫీసుకు ఒకటి, మార్కులూ అడ్మిషన్లూ ఉండే సర్వర్లకు ఒకటి. ఏ గదిలో ఏ మెషిన్ ఉందో చూసుకుంటూ ఒక్కొక్కదాన్నీ ఒక్కో పెట్టెలో సర్దాను. రెండు రోజుల్లో అయిపోయిందనుకున్నాను. చివరికి ఎందులోనూ పెట్టలేని మెషిన్ ఒకటి మిగిలింది. అది మెట్ల కింది గదిలో ఉండేది.

ఆ గది మా సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్‌ది. నేను ఉద్యోగంలో చేరినప్పటినుంచి అక్కడే చూశాను ఆయన్ని. ఇక్కడి ఒడ్డున సముద్రం మీద బతికే కుటుంబంలో పుట్టి, చదువుకుని వైర్ల పనిలోకి వచ్చిన మనిషి. మగవాళ్ళందరినీ బావ అనేవాడు, హెడ్ గారిని కూడా వెనకనుంచి బావే. మెషిన్ బతికుందో లేదో చూడటం నాకు ఆయనే చూపించాడు. పుస్తకంలో ఆ కమాండు నేను చదివినదే, పిల్లలకు చెప్పినదే. కానీ ఆయన చెప్పే తీరు వేరు.

"ఒక మాట పంపుతాం మేడం. అది ఎల్లి తిరిగొచ్చిందా లేదా సూత్తాం. రాలేదనుకోండి, మెషిన్ పోయిందని అనకూడదు. ఇంకా రాలేదు అనుకోవాలి. కేబులు ఊడిపోయుంటాది, ఎవులో స్విచ్చి కట్టేసుంటారు."

చేతిలోని కేబులు చుట్ట చుడుతూ అన్నాడు. "మాయమ్మ ఇప్పటికీ అలగే అంటాది. మా నాన్న సముద్రంలోకి ఏటకెల్లి తిరిగి రాలేదు, నాను సిన్నపిల్లడప్పుడు. ఎవులడిగినా ఇంకా రాలేదనే అంటాది. పోయాడని అనదు."

అందరి మెషిన్లలోనూ ఆయన చిన్న చాటింగ్ ప్రోగ్రాం ఒకటి వేసి పెట్టాడు. దానికి ఇంటర్నెట్ అక్కర్లేదు. తెరిస్తే ఆ నెట్‌వర్క్‌లో ఆన్‌లో ఉన్న మెషిన్ల పేర్లన్నీ వరసగా వస్తాయి, ఒక్కో పేరు పక్కన పచ్చ చుక్క. ప్రింటర్ మొరాయిస్తే, కేబులు కావాలంటే, ఆయన పేరు మీద నొక్కి రాస్తే చాలు. గదిలో లేనప్పుడు దానంతట అదే జవాబిచ్చేలా ఒక మాట పెట్టుకునేవాడు. నోటితో ఎప్పుడూ "ఒత్తాను" అనేవాడు కానీ, అక్కడ మాత్రం బుద్ధిగా "ఇప్పుడే వస్తాను" అని రాసుకున్నాడు.

కరోనా రెండోసారి విరుచుకుపడ్డప్పుడు ఆన్‌లైన్ క్లాసులు నడపడం కోసం ఆయన రోజూ వచ్చేవాడు. ఒకరోజు మధ్యాహ్నం మెట్ల దగ్గర ఎదురయ్యాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "ఒళ్ళు కాలతన్నాది మేడం, టెస్టు సేయించుకుని ఇప్పుడే ఒత్తాను" అని బండి తాళాలు చూపించాడు. నేను "సరే వెళ్ళిరండి" అన్నానో లేదో నాకు గుర్తు లేదు. మాస్కు సవరించుకుంటూ దూరం జరిగినట్టు మాత్రం గుర్తుంది.

ఆస్పత్రి నుంచి ఆయన తిరిగి రాలేదు. ఆ రోజుల్లో శవాన్ని ఇంటికి ఇవ్వలేదు. భార్య కూడా జ్వరంతో ఇంట్లో ఉండిపోయింది, ముఖం చూడలేదు. ఎవరో ఫోన్లో చెప్పారు, ఆమె విన్నది, అంతే.

మెషిన్ మాత్రం అలాగే ఉండిపోయింది. అందులో పాత పిల్లల ప్రాజెక్టులు ఉన్నాయి కాబట్టి ఆపకూడదన్నది మేమందరం పైకి చెప్పుకున్న కారణం. అసలు సంగతి ఏమిటంటే, ఆ బటన్ నొక్కే చెయ్యి తనది కావడం ఎవరికీ ఇష్టం లేదు. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా అది దానంతట అదే లేచేది. మా అందరి తెరల మీదా ఆయన పేరు మళ్ళీ కనపడేది, పక్కన పచ్చ చుక్క. మెట్లు దిగేటప్పుడు ఆ గది తలుపు వెనక దాని ఫ్యాను గరగరమని తిరుగుతుండేది. పోర్టు నుంచి వచ్చే నల్ల దుమ్ము మా ఊళ్ళో దేన్నీ వదలదు, దాన్నీ వదల్లేదు. ఆయుధపూజ రోజున అటెండరు అన్ని మెషిన్లతో పాటు దానికీ బొట్టు పెట్టి, వెనక్కి తిరిగి చూడకుండా బయటికి వచ్చేసేవాడు.

కొత్తగా చేరిన లెక్చరర్ ఒకాయన మొదటి రోజే, ఎవరినీ అడగకుండా, ఆ పేరుకి రాశాడట, నా గదిలో నెట్ రావడం లేదని. వెంటనే జవాబొచ్చింది, ఇప్పుడే వస్తాను అని. సాయంత్రం దాకా కూర్చుని, "మీ సిస్టమ్స్ ఆయనకి పొగరెక్కువలా ఉంది" అని నాతో అన్నాడు. నేను సంగతి చెప్పాను. మర్నాడు ఆయన రాలేదు. జ్వరమని సెలవు పెట్టాడు.

నవ్వాను కానీ, నా సంగతి వేరేగా ఏమీ లేదు. పొద్దున్నే మెషిన్ ఆన్ చేయగానే ముందు ఆ చుక్క ఉందా లేదా చూసుకునేదాన్ని. ఉంటే భయంగా ఉండేది, ఒకవేళ లేకపోతే ఇంకా భయం వేస్తుందని తెలిసేది. మాది కృష్ణా జిల్లా నుంచి స్టీల్ ప్లాంట్ ఉద్యోగానికి వచ్చిన కుటుంబం. నాన్న షిఫ్టుకి బయల్దేరుతూ పొరపాటున "వెళ్తాను" అంటే అమ్మ గుమ్మంలోంచి వెనక్కి పిలిచి, కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, "వస్తాను" అనిపించి పంపేది. వెళ్ళేవాడు వస్తాననాలి. ఆ మాట అన్నవాడు రావాలి. చిన్నప్పటినుంచి నాకు ఎక్కిన లెక్క అది. మరి ఈయన ప్రతి రోజూ, ఎవరడిగినా, వస్తాననే అంటున్నాడు.

ఆయన భార్యకు మా ఆఫీసులోనే జూనియర్ అసిస్టెంటుగా ఉద్యోగం ఇచ్చారు. సన్నగా, ఎక్కువ మాట్లాడకుండా, తన పని తాను చేసుకుపోయే మనిషి. సబ్‌నెట్ల పని మీద నేను ఆఫీసులో బల్లల కింద దూరి ఏ కేబులు ఎక్కడికి పోతోందో చూస్తున్న రోజు, అందరూ ఇళ్ళకి బయల్దేరే వేళ, లేచి దుమ్ము దులుపుకుంటూ ఆమె వెనక నిలబడ్డాను. ఆమె తెర మీద చాటింగ్ ప్రోగ్రాం తెరిచి ఉంది. ఆయన పేరు మీద నొక్కి "వెళ్ళొస్తాను" అని కొట్టింది. కొట్టిన వెంటనే కింద జవాబు వచ్చింది. ఇప్పుడే వస్తాను.

ఆమె మెషిన్ ఆపి సంచి తీసుకుంది. నన్ను చూసి ఉలిక్కిపడలేదు, సిగ్గుపడనూ లేదు.

"రోజూ సెప్పే ఎల్తాను మేడం. సెప్పకుండా ఎలగెల్తాం" అంది.

ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు. ఎందుకంటే బోర్డు మీద నేను గీసిన గీత సరిగ్గా వాళ్ళిద్దరి మధ్యనుంచి పోతోంది. ఆ చాటింగ్ ప్రోగ్రాం పనిచేసేదే కేకల మీద. నేనున్నాను అని మెషిన్ కేక వేస్తుంది, అదే ఇంట్లో ఉన్నవాళ్ళకి పేరు కనపడుతుంది. గడప పెట్టగానే ఆమె తెర మీదనుంచి ఆయన పేరు పోతుంది. సాయంత్రం ఆమె చెప్పే మాటకు జవాబు ఉండదు.

హెడ్ గారి దగ్గరికి వెళ్ళి మెట్ల కింది మెషిన్‌ను ఆఫీసు పెట్టెలోనే ఉంచుదామా అని అడిగాను. నేను అడుగుతుండగానే అది తప్పని నాకు తెలుసు. ఒకసారి ఆ పాత మెషిన్‌లోంచే వైరస్ పాకి ఆఫీసు ఫైళ్ళు సగం చెడగొట్టింది. పిల్లల మార్కులుండే చోట దాన్ని ఉంచకూడదు. దానికీ ఆఫీసుకీ మధ్య సన్న సందు కూడా ఉండకూడదు.

"ఆ డబ్బా ఇంకా ఉందా? ప్రాజెక్టులన్నీ కొత్త సర్వర్లోకి ఎక్కించేశారుగా. స్క్రాపులో పడేయండమ్మా" అన్నారాయన.

నాకు ఒళ్ళు మండింది. "పడేయడానికి మీరే ఒకసారి కిందికి రండి సార్, మీ చేత్తో ఆపుదురుగాని" అన్నాను. ఆయన ఫ్యాను వైపు చూశారు, క్యాలెండరు వైపు చూశారు. చివరికి, విడిగా ఒక సబ్‌నెట్ చేసి, ఎవరికీ దారి లేకుండా, అందులో ఒక్కదాన్నే పడేయమన్నారు. కాగితం మీద అది సరైన నిర్ణయమే. నేనైనా పరీక్షలో అలాంటి జవాబుకే మార్కులు వేస్తాను.

ఆమెకు ముందుగా చెప్పకపోతే దొంగతనం చేసినట్టు ఉంటుందనిపించింది. భోజనాల వేళ ఆఫీసులో ఇంకెవరూ లేనప్పుడు ఆమె పక్కన కూర్చున్నాను. ఎలా చెప్పాలో తెలియక, అలవాటుగా నోటికొచ్చిన పాఠమే మొదలుపెట్టాను. అడ్రసులో ముందు ఇంటిపేరుంటుందని, ఆఫీసు మెషిన్లకు ఒక ఇంటిపేరు వస్తుందని, కింది మెషిన్‌కి ఇంకొకటి వస్తుందని. సగంలో ఉండగానే ఏం చెబుతున్నానో నాకు అర్థమైంది. అప్పటికే ఆమె డబ్బా మూత పెట్టేసింది.

"అయితే మా ఇద్దరి ఇంటిపేర్లు ఏరైపోతాయేటి మేడం?"

ఇన్నేళ్ళుగా క్లాసులో చెప్పి మురిసిపోయిన పోలిక నాకే ఎదురు తిరిగింది. అది మెషిన్ల సంగతి మాత్రమేనని ఏదో గొణిగాను. ఆమె వింటున్నట్టు లేదు. నా వైపు తిరిగి ఇంకో ప్రశ్న వేసింది.

"ఆ ఇంటిపేరుతో ఆయన దగ్గర ఇంకెవులుంటారు?"

"ఎవరూ ఉండరు" అన్నాను. అబద్ధం చెప్పాలని తోచలేదు.

"ఒక్కరే ఉండలేరు మేడం. ఆస్పత్రిలోనూ ఒక్కరే ఉన్నారు." గొంతు పెంచలేదు, ఏడవలేదు. "నాకు కనపడకపోతే పోనీండి. నాను ఓర్సుకుంటాను. ఆయనకెవులో ఒకలు కనపడాల."

నేనేదో పెద్దగా ఆలోచించి చేసిన పని కాదు తర్వాతది. అక్కణ్ణుంచి లేచి నా గదిలోకి వెళ్ళాను. మూలన పడి ఉన్న, ఎవరికీ పనికిరాని, ఏ ఫైలూ లేని పాత మెషిన్ ఒకటి తీసి తుడిచి నా బల్ల మీద పెట్టాను. బోర్డు మీద అయిదో పెట్టె గీశాను. అందులో రెండు మెషిన్లు రాశాను, మెట్ల కిందిది, నాది. దేన్నీ దేనితోనూ కలపని పెట్టె కాబట్టి దానివల్ల ఎవరికీ చెరుపు లేదు. తర్వాత తనిఖీకి వచ్చినాయన దాన్ని చూసి ఇదెందుకు అని అడిగితే, పరీక్షల కోసం పెట్టుకున్నానని చెప్పాను. మంచి పద్ధతి అని మెచ్చుకుని వెళ్ళాడు.

గడపలు పెట్టిన రోజు మధ్యాహ్నం ఆఫీసు తెరల మీద పేర్లు ఒక్కొక్కటే తగ్గాయి. ల్యాబులు పోయాయి, స్టాఫు పోయారు. చివరికి ఆయన పేరు పోయింది. ఆమె చూస్తూ కూర్చుంది. నా గదిలోకి పరిగెత్తినట్టే వెళ్ళి ఆ పాత మెషిన్ తెర చూశాను. కాసేపు నా పేరొక్కటే ఉంది. ఆ కాసేపు నాకు చాలా సేపనిపించింది. తర్వాత కింద ఇంకో పేరు, పక్కన పచ్చ చుక్క.

అప్పటినుంచి అదొక అలవాటైంది. సాయంత్రం ఆమె సంచి భుజాన వేసుకుని నా గది గుమ్మం దగ్గర ఆగుతుంది. లోపలికి రాదు, తెర వైపు తొంగి చూడదు.

"ఎల్లొత్తానని సెప్పండి మేడం."

నేను కొడతాను. జవాబొస్తుంది.

"ఏటన్నారు?"

"ఇప్పుడే వస్తానన్నారు."

"సరే మేడం" అని మెట్లు దిగి వెళ్ళిపోతుంది. మొదట్లో ఆమె కోసం చేస్తున్నాననుకున్నాను. కొన్నాళ్ళకి ఆ జవాబు రాకుండా నాకూ గది తాళం వేయబుద్ధి అయ్యేది కాదు. ఆమె సెలవు పెట్టిన రోజున కూడా, నా తరఫున నేనే, వెళ్ళొస్తానని కొట్టేదాన్ని. ఆయన బతికున్నప్పుడు నేనెప్పుడూ అలా చెప్పి వెళ్ళింది లేదు.

ఈ వానాకాలంలో గాలివాన పట్టిన ఒక మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చింది. నా తెర మీద పేరు రాలేదు. వస్తుందిలే అని క్లాసుకి వెళ్ళొచ్చాను. రాలేదు. ఆయన నేర్పిన కమాండే కొట్టాను. పంపిన మాట తిరిగి రాలేదు. కిందికి వెళ్ళి కేబులు చూశాను, బాగానే ఉంది. స్విచ్చి చూశాను, వేసే ఉంది. మూత తీస్తే లోపల నల్ల దుమ్ము గడ్డ కట్టి, ఉప్పుగాలికి బోర్డంతా తుప్పు పట్టి ఉంది. బయటినుంచి రిపేరు మనిషిని పిలిపించాను. అతను టార్చి వేసి చూసి, ఇక లేవదు మేడం, ఎందుకు ఇన్నాళ్ళు ఉంచారు అన్నాడు. ఇంకా రాలేదు, అంతే అని నాకు నేను చెప్పుకున్నాను. చెప్పుకుంటూనే, ఆ మెట్ల కింద, బొట్లు పెట్టిన ఆ డబ్బా ముందు కూర్చుని ఏడ్చాను. ఆయన పోయినప్పుడు ఏడవలేదు నేను.

పైకి వచ్చి నా కుర్చీలో కూర్చున్నాను. ఆ ఇంటిపేరుతో ఇక నేనొక్కదాన్నే మిగిలాను. సాయంత్రం గుమ్మం దగ్గర నీడ పడింది.

"ఎల్లొత్తానని సెప్పండి మేడం."

కీబోర్డు మీద ఆ అక్షరాలే కొట్టాను. పంపడానికి పేరు లేదు.

"ఏటన్నారు?"

తెర మీదనుంచి కళ్ళు తిప్పకుండా, "ఇప్పుడే వస్తానన్నారు" అన్నాను.

"సరే మేడం" అంది. మెట్లు దిగుతున్న చప్పుడు వినపడింది. మెట్ల కింది గది దగ్గరికి వచ్చేసరికి ఆ చప్పుడు ఆగింది. ఆ తలుపు వెనక ఇప్పుడు ఫ్యాను తిరగడం లేదు. ఆ సంగతి నాకు అప్పుడే గుర్తొచ్చింది. ఆమె చాలాసేపు అక్కడే ఉంది. తర్వాత మళ్ళీ అడుగులు వినపడ్డాయి, గేటు వైపు.

మర్నాడు సాయంత్రం సంచి భుజాన వేసుకుని వచ్చి గుమ్మం దగ్గర ఆగింది. ఎల్లొత్తానని సెప్పండి మేడం అంది. చెప్పాను. ఏటన్నారని అడిగింది.